బతికున్న ప్రెసిడెంటుకు మాల

మీ ఊరి పంచాయతీ ఆఫీసు గోడ మీద వరుసగా వేలాడే మాజీ ప్రెసిడెంట్లలో ఎవరు ఏం చేశారో మీకు నిజంగా తెలుసా? లేక ఒకాయన మీ నాన్న పెళ్ళికి వచ్చి భోజనం చేసి వెళ్ళాడు కాబట్టి మహానుభావుడనీ, ఇంకొకాయన మీ ఇంటి ముందు వీధిదీపం వేయించలేదు కాబట్టి దుర్మార్గుడనీ తీర్పు చెప్పేసి కూర్చున్నారా? తొందరపడి జవాబు చెప్పకండి. ఈ ప్రశ్నకు ఒకప్పుడు నేనూ మహా ధీమాగా జవాబు చెప్పినవాణ్ణే.

1997 జనవరిలో నన్ను తమిళనాడులో వేలూరు దగ్గరి ఒడుగత్తూరు వైపు నుంచి గుడియాత్తం పంచాయతీ యూనియన్ ఆఫీసుకు బదిలీ చేశారు. హోదా పంచాయతీల విస్తరణాధికారి. ఊళ్ళలో అందరూ ‘ఈవో’ అనేవారు. మా పైన బ్లాకు డెవలప్‌మెంట్ ఆఫీసరు, ఆయన పైన ఇంకా చాలామంది, అందరికీ పైన పంచాయతీల ఇన్‌స్పెక్టరు హోదాలో కలెక్టరు. మా కింద ఎవరూ ఉండరు, జీపు డ్రైవరు తప్ప. అతను కూడా మా మాట వినడు. గ్రామ పంచాయతీల సమావేశాలు నియమం ప్రకారం జరుగుతున్నాయా, తీర్మానాలు మినిట్సు పుస్తకంలో సరిగా ఎక్కుతున్నాయా, దీపాలు వెలుగుతున్నాయా, కుళాయిల్లో నీళ్ళు వస్తున్నాయా అని చూసి నివేదిక రాయడం మా పని. అధికారం తక్కువ, తిరుగుడు ఎక్కువ.

అవి చిత్రమైన రోజులు. సందుకొక ఎస్టీడీ బూతు, మిద్దెకొక కేబుల్ తీగ. చెప్పుల పైతోలు కుట్టే ఎగుమతి ఫ్యాక్టరీల వ్యాన్లు తెల్లవారేసరికి పల్లెల్లోకి వచ్చి ఆడపిల్లల్ని ఎక్కించుకుపోయేవి. పంచాయతీలకు మాత్రం ఏళ్ళ తరబడి ఎన్నికలు లేక, అప్పుడే కొత్త పాలకవర్గాలు వచ్చాయి. మధ్యలోని ఆ ఖాళీ కాలంలో ఊళ్ళను ఏలింది ప్రత్యేకాధికారులు, అంటే మా శాఖవాళ్ళమే. మా ఫోటోలు ఎవరూ ఏ గోడకూ తగిలించలేదు. తగిలించకపోవడమే న్యాయం.

నా గురించి ఒక్క మాట. మాది తరాల కిందట వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మేస్త్రీల కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు మాత్రం వేలూరులోని ఒక సంస్కరణ సంఘం గ్రంథాలయంలో, పదహారో ఏట, పట్టుబట్టి నేర్చుకున్నాను. ఆ సంఘం వేదికల మీద దేవుడు లేడని ఎంత గొంతు చించుకుని వాదించానో వేలూరు పక్క తొరపాడిలో ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. ఆఫీసులో దీన్ని గౌరవించేవారు. ఏటా ఆయుధపూజ నాడు జీపుకు నిండా పసుపు, కుంకుమ పూసి, గుమ్మడికాయ కొట్టి, “సార్, ఈ బండిలో కూర్చోడానికి మీకేమీ అభ్యంతరం లేదు గదా?” అని వినయంగా అడిగేవారు. నడిచిపోవడం ఆరోగ్యానికి మంచిదని నేను ఆ రోజుల్లోనే గ్రహించాను.

ఇక విషయం. లత్తేరి స్టేషనులో దిగి గుడియాత్తం వైపు కొంత దూరం వస్తే ఒక పంచాయతీ ఉంది. పేరు రాయను. ఆ ఊరివాళ్ళు గుర్తుపడతారు, మిగతావాళ్ళకు అక్కర లేదు. అక్కడ ప్రెసిడెంటు పదవిని ఆ దఫా స్త్రీలకు కేటాయించారు. ఏ కులం వారైనా నిలబడవచ్చు. ఊళ్ళో రెండు నాయుళ్ళ ఇళ్ళవాళ్ళు పంతానికి పోయి తమ తమ కోడళ్ళను నిలబెట్టారు. ఓట్లు నిలువునా చీలి, మధ్యలోంచి ఎస్తేరు అనే ముప్పయ్యేళ్ళ మనిషి గెలిచి బయటపడింది. ఊరి చివర క్రైస్తవుల వీధి ఆమెది. వాళ్ళు తాతల నాటి నుంచి తోలుపని చేసినవాళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం రాదు. అందువల్ల వేదపుస్తకం తమిళంలో చదివి, ప్రార్థన తెలుగులో చేస్తారు. ఎస్తేరు చెప్పుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసి మానేసింది. నలభైమంది ఆడవాళ్ళ చేత పని చేయించిన గొంతు అది.

ఆ వీధికి తాగునీళ్ళు లేవు. అక్కడి బోరు నీళ్ళలో తోళ్ళ మురుగు కలిసి, కాగబెట్టినా ఉప్పగా, పచ్చగా ఉండేవి. ఊళ్ళోని ట్యాంకు నుంచి ఆ వీధికి గొట్టం వేయడానికి నిధి మంజూరైంది. మా యూనియన్ ఇంజినీరు అంచనా కూడా వేసిపెట్టాడు. కావలసింది ఒకటే, పంచాయతీ తీర్మానం. అది మార్చి నెల దాటేలోగా మాకు చేరాలి. చేరకపోతే నిధి వెనక్కి పోతుంది. పోయిన నిధి మళ్ళీ రావడం నా ఉద్యోగంలో నేను చూడలేదు. తీర్మానం కావాలంటే సమావేశంలో కోరం ఉండాలి, అంటే నియమం చెప్పినంతమంది సభ్యులు కుర్చీల్లో కూర్చుని ఉండాలి. అక్కడే వచ్చింది చిక్కు.

పంచాయతీకి కొత్త హాలు కట్టారు. అందులో మాజీ ప్రెసిడెంట్ల ఫోటోలు పెట్టాలని వైస్ ప్రెసిడెంటు జయరాముడు ప్రతిపాదించాడు. మొత్తం ముగ్గురు. మొదటివాడు గంగయ్య మేస్త్రి. ఊళ్ళో చదువరుల గది పెట్టించిన పెద్దమనిషి, కాలం చేశాడు. రెండోవాడు గోవిందస్వామి నాయుడు. అందరికంటే ఎక్కువ కాలం ఏలినవాడు, జయరాముడికి మేనమామ. మూడో ఆయన ఒక నూనె వ్యాపారి, ఆయనా పోయాడు. ఆయన గురించి ఎవరికీ మంచీ గుర్తులేదు, చెడూ గుర్తులేదు. ఫోటో కూడా దొరకక, ఎవరిదో పెళ్ళి గ్రూపు ఫోటోలోంచి తల కత్తిరించి పెద్దది చేయించారు.

ఫోటోలు పెట్టడంతో పోలేదు. ప్రెసిడెంటు తన చేత్తో వాటికి బొట్టు పెట్టి, చందనపు మాల వేసి, దీపం వెలిగించాలని జయరాముడు పట్టుబట్టాడు. ఎస్తేరు కుదరదన్నది. ఫోటోకు బొట్టు పెట్టి దీపం వెలిగించడం తమ మతంలో లేదన్నది. “మా పెద్దల్ని అవమానించే ప్రెసిడెంటు కింద మేము కూర్చోము” అని జయరాముడు, అతని వెంట ఉన్న వార్డు సభ్యులు రెండు సమావేశాలకు రాలేదు. కోరం లేదు. తీర్మానం లేదు. ఫిబ్రవరి కూడా గడిచిపోయింది.

బీడీవో నన్ను పిలిచి, “మీ మత విచారాలు ఇంట్లో పెట్టి పోయి ఆ కోరం సంగతి చూసి రండి” అన్నాడు. నాకు మత విచారం లేకపోవడమే నా విచారం అని చెప్పబోయి, మానుకుని బయల్దేరాను.

ముందు జయరాముణ్ణి కలిశాను. ఎరువుల కొట్టులో కూర్చుని ఉన్నాడు. మాల వైస్ ప్రెసిడెంటు వేస్తే సరిపోదా, ప్రెసిడెంటు తెర తీస్తే చాలదా అని అడిగాను.

“అదెట్లా సార్? మా మామ యేండ్ల కొద్దీ ఏలిన సీటులో కూర్చుంటాది. ఆయన పటానికి పూలు ముట్టదంట. సీటుకు మాత్రం అంటు లేదా?” అన్నాడు.

మీ మామ ఏమంటున్నాడని అడిగాను. “ఆయన్నేం అడిగేది సార్, ముసలాయన. మోకాళ్ళ నొప్పులు, గడప దాటడు. మేము చేస్తే సంతోషమే గదా!” అన్నాడు. ఈ జవాబు కొంచెం జాగ్రత్తగా వినవలసింది. ఆ రోజు ఎవరమూ వినలేదు.

అక్కణ్ణుంచి ఎస్తేరు ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మ సుగుణమ్మ వేలూరులో ఒక పెద్దాస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. టీ ఇచ్చింది. టీలో ఉప్పు తగిలింది. నేను మొహం మార్చకుండా తాగబోతే, “నీళ్ళట్లా సార్. చక్కెర ఎంతేసినా గెలవలేము” అని నవ్వింది.

నేను ఉపన్యాసానికి దిగాను. పంచాయతీ ఆఫీసు మఠం కాదు, ఫోటోలకు పూజ ఏమిటి, అసలా ఫోటోలే అక్కర లేదు పొమ్మను, ముఖ్యంగా గోవిందస్వామి నాయుడి ఫోటో ఎందుకు? ఆయన హయాంలో మీ వీధి నుంచి గెలిచిన వార్డు సభ్యుడు, అంటే ఎస్తేరు తండ్రి, పదవీకాలమంతా సమావేశాల్లో గడప దగ్గర నిలబడే ఉన్నాడని నేను విని ఉన్నాను. అలా నిలబెట్టినవాడి పటం కింద కూర్చుని పాలన చేస్తావా, నువ్వు గట్టిగా ఎదురుతిరుగు, నేను నివేదికలో రాస్తాను అన్నాను. బల్ల లేదు కాబట్టి మోకాలు గుద్దుకుని మరీ అన్నాను.

ఎస్తేరు అంతా విన్నది. “పటం పెడతా సార్. మాల మాత్రం వెయ్యను” అన్నది.

“పటం ఎందుకు పెట్టాలి?”

“ఆయన కోసం చిన్నప్పట్నుంచి ప్రార్థన చేస్తిమి సార్.”

నాకు తల తిరిగింది. అప్పుడు సుగుణమ్మ వివరించింది. రాజుల కోసం, అధికారుల కోసం ప్రార్థించమని వాళ్ళ వేదపుస్తకంలో ఉందట. ఢిల్లీ ప్రభువులు, మద్రాసు ప్రభువులు వాళ్ళకు ఎలాగూ తెలియదు. అందుకని వాళ్ళ చిన్న గుడిలో, అంటే చర్చిలో, ప్రతి ఆదివారం పంచాయతీ ప్రెసిడెంటు పేరు చెప్పి ప్రార్థించేవారు. ఊరికే పేరు చెప్పి వదిలేయడం కాదు. గుడి పెద్ద ముందు అందరినీ అడిగేవాడట, ఈ వారం ప్రెసిడెంటుకు ఏం కావాలి అని. ఎవరో లేచి ఆయనకు మోకాళ్ళ నొప్పి అనేవాడు. ఇంకొకడు ఆయన పాడి ఆవు చచ్చిపోయింది, దిగులుగా ఉన్నాడు అనేవాడు. మరొకామె ఆయనకు కోపం తగ్గాలి, మొన్న మా మరిదిని తిట్టినాడు అనేది. అన్నీ కలిపి పెద్ద ప్రార్థన చేసేవాడు.

“ఊరంతా ఆయన్ని చూస్తే పులిని చూసినట్ల దడుచుకునేది సార్. మాకేమో ఆయన మోకాళ్ళ నొప్పాయనే” అన్నది ఎస్తేరు.

“ఆయన మంచివాడనా మీరు ప్రార్థించింది?”

“మంచోళ్ళ కోసం మాత్రమే చెయ్యమని యాడ రాసుండాది సార్?”

నేను వదిలేవాణ్ణి కాదు. వాదంలో ఎదుటివాడు ఊపిరి తీసుకునే చోటు ఎక్కడో పట్టుకోవడం నేర్పిన బడి మాది. “సరే, అన్నేళ్ళు దేవుడికి చెప్పుకున్నారు. పంచాయతీకి ఎన్ని అర్జీలు పెట్టారు?” అని అడిగాను.

తల్లీ కూతుళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. “ఒకటీ పెట్టలే” అన్నది సుగుణమ్మ.

“చూశారా!” అని నేను విజయగర్వంతో లేచాను. “అర్జీ పెట్టాల్సిన నోటితో ప్రార్థన చేశారు. అందుకే ఇప్పటికీ ఉప్పు టీ!”

“అందుకే గదా సార్ నేను ఓటుకు నిలిచింది” అన్నది ఎస్తేరు, తొణక్కుండా.

కూర్చున్నాను. మాట మార్చడానికి గంగయ్య మేస్త్రిని పొగిడాను. ముగ్గురిలో నిజమైన ప్రజానాయకుడు ఆయనే, ఆయన పెట్టిన చదువరుల గదిలో నేను హైస్కూలు రోజుల్లో వాదపోటీకి వచ్చి ఆయన చేతుల మీదుగా బహుమతి తీసుకున్నాను అని చెప్పాను.

“మేస్త్రి అయ్యనా? మంచాయనే అంటారు. మా వీదికి ఒక దినమూ రాలేదు సార్. మంచోడో కాదో మేము యాడ చూస్తిమి?” అన్నది సుగుణమ్మ. అందులో నిష్ఠూరం లేదు. ఆస్పత్రిలో ఏ వార్డు ఎటుందో చెప్పినట్టు చెప్పింది.

నేను టీ గ్లాసులోకి చూస్తూ లెక్క వేసుకున్నాను. గంగయ్య మేస్త్రి ప్రజానాయకుడనడానికి నా దగ్గర ఉన్న ఆధారమంతా ఒక నిఘంటువు బహుమతి, ఆయన నా వీపు మీద తట్టిన ఒక తట్టు. ఇంత హేతువాదిని, సాక్ష్యం లేనిదే సూర్యోదయాన్ని కూడా ఒప్పుకోనివాణ్ణి, ఒక ప్రెసిడెంటును వీపు తట్టిన చేతిని బట్టి అంచనా వేశాను. వాళ్ళు ఇంకొకాయన్ని మోకాళ్ళను బట్టి అంచనా వేశారు. తేడా ఏమిటంటే, వాళ్ళకు తమ అంచనా ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసు.

గోవిందస్వామి నాయుడు ఒకసారి జబ్బుచేసి వేలూరు ఆస్పత్రిలో సుగుణమ్మ వార్డులోనే పడ్డాడని ఎస్తేరు చెప్పబోయింది. తల్లి కసిరింది. “అది ఆస్పత్రి మాట. బయట చెప్పేది కాదు” అన్నది. 

మార్చి చివరి వారంలో సమావేశం పెట్టించాను. సభ్యులకు నోటీసు ముందుగా చేతికి అందాలి, అందినట్టు సంతకం ఉండాలి. ఆ సంతకాల కోసం క్లర్కు ఇల్లిల్లూ తిరిగాడు. జయరాముడు వస్తానన్నాడు, కానీ షరతు షరతే. మాల వేస్తే కూర్చుంటారు, వేయకపోతే లేచిపోతారు. అంతకంటే నేను చేయగలిగింది నియమాల్లో లేదు. ఎస్తేరు ఏం చేయబోతోందో ఎవరికీ తెలియదు. ఆ రోజు వాళ్ళ వీధి ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో హాలు బయట నిలబడ్డారు. ఎవరూ రమ్మనలేదు, వచ్చారు. నీళ్ళు పోతే ఆమె పంతం వల్లే పోయాయనే మాట ఆమెకు ఆ వీధిలోనే పడుతుంది. అది ఆమెకు తెలుసు.

ఫోటోలు ఆ మధ్యాహ్నమే గుడియాత్తం బజారు నుంచి వచ్చాయి. ఫ్రేము కట్టే షాపువాడికి జయరాముడు చెప్పింది ‘మాజీ ప్రెసిడెంట్లు, ముగ్గురు, ఒకే మాదిరిగా ఉండాలి’ అని. ఆ షాపుకు పెద్ద ఫోటో, చందనపు మాల కలిపి ఆర్డరు వచ్చిందంటే అర్థం ఒకటే. ఈ ప్రాంతంలో మనిషి పోయినాకే పటానికి మాల. అతను తన పద్ధతి ప్రకారం మూడింటికీ అద్దం మీద నుదుట కుంకుమ బొట్టు అంటించి, కింద తమిళంలో జననం, మరణం అని రెండు వరుసలు రాయించాడు. ఇద్దరికి తేదీలున్నాయి. గోవిందస్వామి నాయుడి పటం కింద జనన తేదీ ఉంది, మరణం అన్నచోట ఒక గీత గీసి ఖాళీ వదిలారు. తరువాత నింపుకోవచ్చు కదా అని.

క్లర్కు చూశాడు, సభ్యులు చూశారు, నేనూ చూశాను. పెద్దాయన పటం మీద ఎవరు ఏం మాట్లాడితే ఏ గొడవ వస్తుందోనని అందరూ సర్దుకుని గోడకు కొట్టేశారు.

సమావేశం మొదలైంది. జయరాముడు మాల ఉన్న పళ్ళెం పట్టుకుని ఎస్తేరు ముందు నిలబడ్డాడు. “వెయ్యమ్మా” అన్నాడు. ఆమె చేతులు కట్టుకుని, “నేను దండం పెడతా. మాల వెయ్యను” అన్నది. “అయితే సెరి” అని అతను వెనక్కి తిరిగాడు. అతని వెంట సభ్యులు కుర్చీలు జరిపారు. బయట బిందెల చప్పుడు ఆగిపోయింది. కోరం లేచి నిలబడ్డది. ఇంకొక్క నిమిషంలో గడప దాటుతుంది. నేను నివేదికలో మొదటి వాక్యం మనసులో రాసుకోవడం మొదలుపెట్టాను.

అప్పుడు గడపకు అవతల ఆటో ఆగింది. పంచెకట్టు, భుజాన తువ్వాలు, చేతికర్ర. గోవిందస్వామి నాయుడు దిగాడు. ఒక్కొక్క మెట్టు తిట్టుకుంటూ ఎక్కి లోపలికి వచ్చాడు. అంత ఆర్భాటం చేసిన మేనల్లుడు ఆయన పటానికి పిలుపు ఇచ్చాడు గానీ ఆయనకు ఇవ్వలేదు. ముందురోజు సాయంత్రం ఎస్తేరు ఒక్కతే ఆయన ఇంటికి పోయి, అరుగు కింద నిలబడి, రమ్మని చెప్పి వచ్చిందట.

ఆయన హాలు మధ్యకు వచ్చి గోడ చూశాడు. తన పటం చూశాడు. బొట్టు చూశాడు. కళ్ళద్దాలు సర్దుకుని కింద ఉన్నది నిదానంగా చదివాడు. తర్వాత పళ్ళెంలోని మాలను, పట్టుకున్న మేనల్లుణ్ణి చూశాడు.

“ఎవుర్రా చచ్చింది?”

జయరాముడు పళ్ళెం వెనక్కి తీసుకున్నాడు.

“అడిగేది నిన్నే. గీత గీసి ఖాళీ పెట్టినారే, దినం నువ్వు పెడతావా, నేను పెట్టల్లా?”

“మామా, అది ఫ్రేము షాపోడు...”

“వాడు చచ్చిపొమ్మంటే నన్ను చావమంటావా? దించరా పటాన్ని!”

జయరాముడు కుర్చీ ఎక్కి దించాడు. నాయుడు తువ్వాలు కొస తడి చేసుకుని తన నుదుటి బొట్టు తానే తుడిచాడు. మాల వేయమన్నదెవరు అని అడిగాడు. చాలా చేతులు ఒకే వైపు చూపించాయి. వద్దన్నదెవరు అని అడిగాడు. అందరూ ఎస్తేరును చూశారు.

“అయితే ఈ ఊర్లో నేను ఇంకా కొన్నాళ్ళు ఉండల్లని అనుకునేది ఈ పిల్లొక్కతే!” అని ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాక మేనల్లుడు నిలబడి ఉండలేడు, బయటికి పోలేడు. అతను కూర్చున్నాడు. అతన్ని చూసి మిగతావాళ్ళు కూర్చున్నారు. నేను మెల్లగా లెక్కపెట్టి, క్లర్కుకు కన్ను గీటాను. కోరం ఉంది.

ఒకసారి ఆలోచించండి. ఫోటోకు మాల వద్దని ఆ గదిలో ముగ్గురం అనుకున్నాం. ఆమె ఏసును నమ్మింది కాబట్టి వద్దన్నది. నేను ఎవరినీ నమ్మను కాబట్టి వద్దన్నాను. ఆయన యముణ్ణి నమ్మాడు కాబట్టి వద్దన్నాడు. నా జీవితంలో నేను పాల్గొన్న ఏ వాదంలోనూ ఇంత విశాలమైన ఏకాభిప్రాయం కుదరలేదు.

కథ అక్కడితో అయిపోతే హాస్యంగానే మిగిలేది. ఎస్తేరు వెంటనే తీర్మానం చదివించి ఉండవచ్చు. అలా చేయలేదు. లేచి నిలబడి, “మాల బదులు రెండు మాటలు చెప్తా అయ్యా” అన్నది. వాళ్ళ గుడిలో సాక్ష్యం చెప్పడమని ఒక ఆచారం ఉంది. మనిషి నిలబడి తనకు జరిగింది నలుగురి ఎదుట చెప్పాలి. మంచి ఒక్కటే ఏరి చెప్పకూడదట. ఆ పద్ధతిలోనే మాట్లాడింది. ఊరికి ఆస్పత్రి బస్సు తెచ్చింది ఈ అయ్యే, బడికి గోడ కట్టించింది ఈ అయ్యే అన్నది. ఆ గోడ వాళ్ళ వీధి పిల్లలు కూర్చునే పక్క కట్టలేదన్నది. ఇద్దరి తగాదా తీర్చడంలో ఆయన లంచం తిన్నాడని ఎవరూ అనలేదన్నది. ఆ తర్వాత గడప వైపు చూపించింది. అది కొత్త హాలు గడప, అయినా చూపించింది.

“మా నాయన మెంబరుగా ఉండినన్నాళ్ళు ఆ గడప కాడనే నిలబడి చెయ్యెత్తినాడు. ఇంటికొచ్చి కాళ్ళు పిసికించుకునేవాడు. ఆదివారం మాత్రం మాతో పాటే మీ మోకాళ్ళ కోసం ప్రార్థన చేసేవాడు అయ్యా.”

నాయుడు కర్ర మీద గడ్డం ఆనించి విన్నాడు. “కుర్చీ లేక కాదమ్మా. మీ నాయన అడగలే” అన్నాడు.

“అడిగితే ఇచ్చుందురా అయ్యా?”

 ఆయన అబద్ధం చెప్పడానికి సమయం ఉంది. హాల్లోని వాళ్ళంతా ఆయన తరఫున ఆ అబద్ధాన్ని నమ్మడానికి సిద్ధంగా ఉన్నారు.

“ఇచ్చుండను” అన్నాడు.

ఎస్తేరు వైపు తిరిగి, “మీ అమ్మ చేతి నీళ్ళ సంగతి చెప్తావని వచ్చినా. చెప్పలేదే?” అన్నాడు.

“అది మా అమ్మ మాట అయ్యా. నాది కాదు.”

“అయితే నేనే చెప్తా. ఆస్పత్రిలో మొదటి దినం ఆయమ్మ నీళ్ళిస్తే వద్దు పొమ్మన్నా. మందు మింగల్లంటే నీళ్ళు తాగల్ల గదా! తాగినా. అదే చేతి నీళ్ళు తాగి లేచొచ్చినా. ఊర్లోకొచ్చి ఎవురికీ చెప్పలే.” మేనల్లుడి వైపు తిరిగి, “ఏం రా, ఇప్పుడు పటం పెడతావా, పారేస్తావా?” అన్నాడు.

 ఆయన చేతికర్రతో నేలను తట్టి, “ఆ వీదికి నీళ్ళ సంగతేమో ఉండాదంటనే, చదవండప్పా. నాకు మాత్ర వేసుకునే వేళాయె” అన్నాడు. క్లర్కు చదివాడు. చేతులు లేచాయి. జయరాముడి చెయ్యి ఆఖరున లేచినా, లేచింది. మినిట్సులో సంతకాలయ్యాయి. నేను ఆ పుట నకలు తీయించి, జీపులో పెట్టుకుని, గుడియాత్తం దాకా దాని మీంచి చెయ్యి తీయకుండా వచ్చాను. తీర్మానం గడువులోగా చేరింది.

గోవిందస్వామి నాయుడు మారిపోయాడని అనుకోకండి. పోతూ పోతూ, గొట్టం తన మామిడితోట పక్కనుంచి పోకూడదని నాతో పేచీ పెట్టుకున్నాడు. ఇంజినీరు తోట చుట్టూ తిప్పి వేయాల్సి వచ్చింది. ఎండాకాలం ముగిసేలోగా ఆ వీధిలో కుళాయి తిరిగింది. సుగుణమ్మ మళ్ళీ టీ ఇచ్చింది. ఈసారి చక్కెర ఎక్కువైంది, అలవాటు మీద వేసేసింది.

దించిన పటం కూడా మళ్ళీ గోడకెక్కి, మూడూ వరుసలో నిలిచాయి. మాలలు లేవు. నాయుడి పటం కింద గీతను నల్లరంగుతో కొట్టేయించారు. గంగయ్య మేస్త్రి పటం చూపించి చదువరుల గది గురించి నేను చెప్పాను. ఆయన ఎస్తేరు వీధికి ఒక్క రోజు కూడా పోలేదన్న మాటా నేనే చెప్పాను. నూనె వ్యాపారి గురించి చెప్పడానికి ఎవరూ లేవలేదు. అది కూడా ఒక సాక్ష్యమే అని రాయించాలనుకున్నాను గానీ, మినిట్సులో అలాంటివి ఎక్కించకూడదు.

ఆ వ్యవహారం నాకు నేర్పింది ఇదీ. పోయిన పాలకుల మీద మన అభిప్రాయాలు చాలావరకు మనకు అంటిన రెండు మూడు సొంత జ్ఞాపకాలు, వాటి మీద మన నమ్మకం పూసిన రంగు. నమ్మకం లేనివాడికీ ఇందులో మినహాయింపు లేదు. ప్రార్థన వల్ల గొట్టం రాలేదు, తీర్మానం వల్ల వచ్చింది. ఈ మాట మీద నేను ఈనాటికీ నిలబడతాను. కానీ ఒక పాలకుణ్ణి ప్రతి వారం పేరు పెట్టి తలుచుకున్న వీధికి అతన్ని పులిగా చూసే భయమూ, దేవుడిగా చూసే భ్రమా రెండూ పోయాయి. అది నేను కళ్ళారా చూశాను. మా ఉపన్యాసాలు అంత పని చేయలేదు. ఆ తర్వాత నా ఉద్యోగంలో ఏ పంచాయతీలో ఫోటో పెడతామన్నా, ఆయన కింద బతికినవాళ్ళు ఎవరైనా ఒకరు లేచి జరిగింది చెప్పాలని నేను పట్టుబట్టేవాణ్ణి. దానికి ఏ నియమమూ లేదు. ఎవరూ నన్ను నియమం చూపించమని అడగలేదు కూడా.

కాబట్టి ఈ పత్రిక మడిచి పక్కన పెట్టండి. మీ ఊళ్ళో గ్రామసభ ఎప్పుడో కనుక్కోండి. పోండి. గోడ మీది పటాల్లో ఒకదాన్ని చూపించి, ఆయన మీ ఇంటికి చేసిందీ చెయ్యనిదీ రెండూ లేచి నిలబడి చెప్పండి. ఆయన బతికుంటే, ముందురోజు మీరే స్వయంగా వెళ్ళి ఆయన్ని పిలిచి రండి.